వాకింగా, జిమ్మా, షటిలా, యోగానా? ఆయుష్షు కోసమైతే ఏది ఎవరికి

ఎక్సర్‌సైజ్ గురించి మనవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, అన్నింట్లో ఏది బెస్టు అని. వాకింగ్ చాలా లేక జిమ్‌కి డబ్బులు కట్టాలా, ఆఫీసులో అందరూ షటిల్ ఆడుతున్నారు నేనూ చేరనా, అమ్మని యోగా క్లాసులో వేస్తే సరిపోతుందా, ఇవే. మనిషిని బట్టి ఉంటుందండీ అని తప్పించుకోవచ్చు గానీ అలా అయితే ఇంత రాయడం దేనికి, అందుకే అన్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎవరికి అనేది నాకు తోచినట్టు తేల్చి చెప్పేస్తా. ముందే ఒక మాట: ఫలానాది చేస్తే ఇన్నేళ్ళు ఎక్కువ బతుకుతారు అనే నంబర్ చూసి మాత్రం ఎంచుకోకండి. డెబ్బై అయిదేళ్ళప్పుడు ఏ పనులు ఒకరి సాయం లేకుండా చేసుకోవాలనుకుంటున్నారో అది చూసి ఎంచుకోండి. ఆ నంబర్లని ఎందుకు అంత నమ్మక్కర్లేదో ముందు అది చూద్దాం.

ఏళ్ళ లెక్కల సంగతి

కదిలేవాళ్ళకి గుండె జబ్బులు తక్కువ అనేదానికి మొదటి గట్టి లెక్క 1953లో లండన్ నుంచి వచ్చింది. జెరెమీ మోరిస్ అనే డాక్టరు, ఆయన టీమ్ కలిసి అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశారు. అవే బస్సులు, అదే ఊరు, కానీ డ్రైవర్ షిఫ్టంతా సీట్లో కూర్చునే ఉంటాడు, కండక్టర్ టికెట్లు కొట్టడానికి రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతుంటాడు. గుండెపోట్లు కండక్టర్లలో బాగా తక్కువ, వచ్చినా కాస్త ముదురు వయసులో వచ్చాయి, అంత తీవ్రంగా కూడా లేవు. ఇంతవరకూ చాలామంది చెప్తారు, అసలు మజా దీని తర్వాత ఉంది. 1956లో అదే టీమ్ వీళ్ళకి ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తీసి చూస్తే కుర్ర డ్రైవర్లకి కూడా అదే వయసు కండక్టర్ల కన్నా నడుం లావుగా ఉంది! అంటే కూర్చోబట్టి లావయ్యారా, లేక కొంచెం లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్ ఉద్యోగం వైపు వెళ్ళారా అనే డౌటు అప్పుడే మొదలైంది. ఆ డౌటు ఈ రోజుకీ ప్రతి ఆయుష్షు లెక్క వెనకాలా ఉంటుంది.

ఇప్పుడు మన వాట్సాప్‌లో తిరిగే లెక్కకొద్దాం. కోపెన్‌హేగెన్‌లో 8,577 మందిని పాతికేళ్ళ దాకా గమనించి 2018లో ఒక జాబితా ఇచ్చారు. కదలకుండా కూర్చునేవాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళకి 9.7 ఏళ్ళు ఎక్కువ, బ్యాడ్మింటన్‌కి 6.2, ఫుట్‌బాల్‌కి 4.7, సైక్లింగ్‌కి 3.7, ఈతకి 3.4, జాగింగ్‌కి 3.2, హెల్త్ క్లబ్‌కి పోయి చేసేవాటికి 1.5. ఇది చూడగానే జిమ్ మానేసి రాకెట్ కొనుక్కుందాం అనిపిస్తుంది, చాలామంది కొనేశారు కూడా. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి, టెన్నిస్ ఆడాలంటే కోర్టు కావాలి, ఖాళీ సాయంత్రాలు కావాలి, మనతో ఆడే ఇంకో మనిషి కావాలి, అసలు మోకాళ్ళు బాగుండాలి, ఇవన్నీ ఉన్నవాడు రాకెట్ పట్టకముందే మిగతావాళ్ళకన్నా ఆరోగ్యంగా ఉండి ఉంటాడు. అదే హెల్త్ క్లబ్‌లో చేరేవాళ్ళలో బీపీయో షుగరో వచ్చి డాక్టర్ తిడితే చేరినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. స్టడీ చేసినవాళ్ళు కూడా ఆటే కారణం అని తేల్చలేదు, నలుగురితో కలిసి ఆడేవాటికి ఎక్కువ ఏళ్ళు కనపడ్డాయి కాబట్టి ఆ స్నేహాల పాత్ర కూడా ఉండొచ్చు అన్నారు. ఈ ముక్క మాత్రం నాకు నిజమనే అనిపిస్తుంది, ఎందుకంటే పార్కులో ఒక్కడే నడిచేవాడు నాలుగు వానలకి మానేస్తాడు, గ్యాంగ్ ఉన్నవాడు రాకపోతే పొద్దున్నే ఫోన్ చేసి మరీ లాక్కొస్తారు.

లాటరీ వేసినట్టు జనాన్ని గ్రూపులుగా విడగొట్టి చేసే ట్రయల్ అయితే ఈ డౌట్లు ఉండవు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,567 మందితో అయిదేళ్ళు అలాంటిదే చేశారు, 2020లో ఫలితాలొచ్చాయి. ఒక గ్రూపుకి గట్టిగా చేసే ఇంటర్వెల్ ట్రైనింగ్ (కొన్ని నిమిషాలు గట్టిగా, కొన్ని నిమిషాలు మెల్లగా, అలా మార్చి మార్చి చేసేది), ఒక గ్రూపుకి మామూలు వేగం, మూడో గ్రూపుకి ఊరికే గవర్నమెంట్ సలహా ప్రకారం చేసుకోండి అని. చనిపోయినవాళ్ళ సంఖ్యలో గ్రూపుల మధ్య తేల్చి చెప్పగలిగే తేడా రాలేదు. ఊరికే వదిలేసిన గ్రూపు వాళ్ళు కూడా బుద్ధిగా ఎక్సర్‌సైజ్ చేసుకోవడం దానికి ఒక కారణం, నార్వే కదా, ఆ వయసులో కూడా కొండలెక్కుతారు.

ఏళ్ళు తేలకపోయినా తేలిన విషయం ఇంకోటి ఉంది, నాకు అదే ముఖ్యం. 2014లో ఫలితాలొచ్చిన ఒక అమెరికా ట్రయల్‌లో 70 నుంచి 89 ఏళ్ళ మధ్య, పెద్దగా కదలని, కాళ్ళు అప్పటికే బలహీనపడిన 1,635 మందిని తీసుకున్నారు. సగం మందికి నడక ముఖ్యంగా, కాస్త కాళ్ళ బలం, బ్యాలెన్స్ కలిపి ఒక పద్ధతిగా చేయించారు, మిగతా సగానికి ఆరోగ్యం మీద క్లాసులు చెప్పారు. పరీక్ష ఏంటంటే 400 మీటర్లు కూర్చోకుండా, ఎవరినీ పట్టుకోకుండా నడవగలగాలి. రెండున్నరేళ్ళకి చూస్తే చేసిన గ్రూపులో ఆ నడక పోగొట్టుకున్నవాళ్ళు 18 శాతం తక్కువ. 400 మీటర్లంటే ఇంటి నుంచి సందు చివర కిరాణా కొట్టుకి వెళ్ళిరావడం. అది పోయిందంటే పాల ప్యాకెట్‌కి కూడా ఇంకొకరి మీద ఆధారపడాలి. ఎక్సర్‌సైజ్‌లని పోల్చేటప్పుడు నేను పెట్టుకున్న కొలత ఇదే: నడవగలగడం, మెట్లెక్కగలగడం, కింద కూర్చుని లేవగలగడం, పడిపోకుండా ఉండటం, షుగర్ బీపీ అదుపులో ఉండటం.

వాకింగ్

ఒక్కటే చేస్తాను, రెండోదాని పేరెత్తొద్దు అనేవాళ్ళకి నా ఓటు దీనికే. డబ్బు పెట్టక్కర్లేదు, నేర్చుకోవాల్సింది లేదు, దెబ్బలు తగిలే అవకాశం తక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా పదేళ్ళ తర్వాత కూడా మానకుండా చేస్తారు. లెక్కలు కూడా గట్టివే. ఆరున్నర లక్షల మంది వివరాలు కలిపి 2012లో చూస్తే నలభై దాటినవాళ్ళలో వారానికి 75 నిమిషాల వేగం నడకతో సమానమైనంత చేసేవాళ్ళకి ఏమీ చెయ్యనివాళ్ళకన్నా 1.8 ఏళ్ళు ఎక్కువ, 150 నిమిషాలు దాటితే 3.4, 450 దాటితే 4.5. ఈ నంబర్లకీ పైన చెప్పిన డౌటే వర్తిస్తుంది, అయినా దీని వరస చూడండి, మొదటి 75 నిమిషాలకి వచ్చిన లాభంతో పోలిస్తే చివర్లో వందల నిమిషాలు పోసినా వచ్చేది కొంచెమే. సున్నా నుంచి కొంచెంకి వచ్చేవాడికే పెద్ద లాభం. తైవాన్‌లో నాలుగు లక్షల పైచిలుకు మందిని చూసిన స్టడీ కూడా 2011లో ఇదే మాట చెప్పింది, రోజుకి 15 నిమిషాలు చేసినా మరణాల రిస్కు 14 శాతం తక్కువ అని.

పదివేల అడుగుల టెన్షన్ కూడా వదిలెయ్యండి. ఆ నంబర్ ఏ డాక్టరూ కనిపెట్టింది కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్‌ని ఆ పేరుతో అమ్మింది, అది అలా మిగిలిపోయింది. 2019లో సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళని చూస్తే రోజుకి 4,400 అడుగుల దగ్గరే 2,700 వాళ్ళకన్నా మరణాలు 41 శాతం తక్కువ, 7,500 దాటాక ఇంకా నడిచినా పెద్దగా తేడా లేదు. అరవై లోపు వాళ్ళయితే 8,000 నుంచి 10,000 మధ్య ఎక్కడున్నా మంచిదే.

కానీ మన వాకింగ్‌లో అసలు సమస్య అడుగుల సంఖ్య కాదు, వేగం. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, పొద్దున్నే బండ్లు ఆపేసిన విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనో, ఏ ఊళ్ళో కాలేజీ గ్రౌండ్‌లోనో చూడండి, నలుగురు అడ్డంగా వరసగా నడుస్తూ కోడలి సంగతులు, రియల్ ఎస్టేట్ రేట్లు మాట్లాడుకుంటూ ఎక్కడ మంచి పాయింట్ వస్తే అక్కడ ఆగిపోతారు. అది కబుర్లు, మంచిదే, మనసుకి కావాలి కూడా, కానీ గుండెకి చాలదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్క నిమిషం అడుగులు లెక్కపెట్టండి, వంద దాటితే అది వేగం నడక కింద లెక్క. ఇంకో టెస్టు, మాట్లాడగలగాలి గానీ పాట పాడటానికి ఊపిరి చాలకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు, బోర్డర్‌లో ఉన్నవాళ్ళు, 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళే పది కోట్ల మంది కాబట్టి చాలా ఇళ్ళల్లో ఒకరుంటారు, వాళ్ళు 45 నిమిషాలు ఒక్కసారే నడిచే బదులు మూడు పూటలా భోజనం తర్వాత పావుగంట చొప్పున నడవండి. ముఖ్యంగా రాత్రి అన్నం తిన్నాక. టీవీ ముందు సోఫాలో పడకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే రౌండ్లు కొట్టినా చాలు.

వాకింగ్‌కి ఉన్న లోటు కండ. నలభై ఏళ్ళకి మొదలుపెట్టి రోజూ గంట నడిచిన మనిషి కూడా అరవై అయిదుకి వచ్చేసరికి సూట్‌కేస్ ఎత్తి రైలు బెర్తు మీద పెట్టలేకపోవడం మీరు చూసే ఉంటారు. చేతులకి, భుజాలకి, నడుముకి నడక పెద్దగా ఏమీ ఇవ్వదు.

జిమ్, అంటే బరువులు

ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే మనవాళ్ళు అస్సలు పట్టించుకోనిది ఇదే. ముప్పై దాటాక కండ పదేళ్ళకి 3 నుంచి 8 శాతం కరిగిపోతూ ఉంటుంది, అరవై తర్వాత ఇంకా స్పీడుగా. దానికి తోడు మన భారతీయుల ఒళ్ళు పైకి సన్నగా కనపడినా లోపల కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువ. తిన్న అన్నం తాలూకు షుగర్‌ని ఎక్కువగా పీల్చుకునేది కండే కాబట్టి కండ తగ్గితే షుగర్ ఎక్కడికి పోతుంది, రక్తంలోనే ఉండిపోతుంది. సన్నగానే ఉన్నాడు కదా షుగర్ ఎలా వచ్చింది అని మనం ఆశ్చర్యపోయేది ఇందుకే.

2015లో వచ్చిన ఒక స్టడీలో ఇండియాతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మంది చేతి పట్టు ఎంత గట్టిగా ఉందో మెషీన్‌తో కొలిచి చూశారు, పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాల రిస్కు 16 శాతం చొప్పున పెరిగింది, బీపీ మీటర్‌లో పై నంబర్ కన్నా ఇదే బాగా అంచనా చెప్పింది. దీనర్థం రబ్బరు బంతి పిసుకుతూ కూర్చోమని కాదు, చేతి పట్టు అనేది ఒంట్లో మొత్తం కండ ఎలా ఉందో చూపించే మీటర్ అంతే. ఎంత చెయ్యాలి అంటే, ఇదే మంచి వార్త, 2022లో పాత స్టడీలన్నీ కలిపి చూస్తే బరువుల ఎక్సర్‌సైజ్ చేసేవాళ్ళకి మరణాలు, గుండె జబ్బులు, షుగర్, క్యాన్సర్ 10 నుంచి 17 శాతం తక్కువ ఉన్నాయి, ఆ లాభం చాలావరకూ వారానికి 30 నుంచి 60 నిమిషాల్లోనే వచ్చేసింది. రోజుకి కాదు, వారానికి. డబ్ల్యూహెచ్‌ఓ 2020 సలహాలో కూడా 150 నుంచి 300 నిమిషాల నడకలాంటివాటితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండల పని అని ఉంది, మన డాక్టర్లు కొంతమంది మొదటి ముక్క చెప్పి రెండోది మర్చిపోతారు.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మంచం పక్కనో గోడ పక్కనో, పడితే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చూసుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, చేతులు నేలకి ఆనించకుండా, మోకాలి మీద చెయ్యి వెయ్యకుండా లేవండి. బ్రెజిల్‌లో ఇలాంటి పరీక్షే 51 నుంచి 80 ఏళ్ళ వాళ్ళకి పెట్టి 2012లో చూస్తే లేవడానికి బాగా ఇబ్బంది పడినవాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు చాలా ఎక్కువ. పాత రోజుల్లో పీట మీద కూర్చుని తిని, చాప మీంచి లేచి, రోజుకి పాతిక సార్లు ఈ పని తెలియకుండానే జరిగిపోయేది, ఇప్పుడు డైనింగ్ టేబులు, సోఫా, కమోడ్ వచ్చాక నలభై అయిదేళ్ళవాళ్ళు కూడా పెళ్ళి పీటల మీంచి లేవడానికి పక్కవాడి చెయ్యి అడుగుతున్నారు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు ఈ టెస్టు జోలికి పోవద్దు.

జిమ్‌కే వెళ్ళాలా అంటే, మొదటి రెండు మూడు నెలలు వెళ్ళడం మంచిదే, ఎందుకంటే బరువు ఎత్తే పద్ధతి పక్కన నిలబడి సరిదిద్దేవాడు ఉండాలి, యూట్యూబ్ చూసి నడుం పట్టేయించుకున్నవాళ్ళు బోలెడంతమంది. కానీ ఏడాది ఫీజు ఒకేసారి కట్టొద్దు, ఎంత డిస్కౌంట్ అన్నా సరే, ఆ డిస్కౌంట్ బతికేదే జనవరిలో చేరి మార్చి నుంచి రానివాళ్ళ మీద. ట్రైనర్ మొదటి రోజే పౌడర్ డబ్బా చూపిస్తే ఇంకో జిమ్ చూసుకోండి, పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు సరిగ్గా తింటే చాలావరకూ అదే సరిపోతుంది. తర్వాత ఇంట్లోనే గుంజీళ్ళు, గోడకి ఆనుకుని చేసే పుషప్పులు, ఒక జత డంబెల్స్, ఒక రబ్బరు బ్యాండ్, వీటితో నడిచిపోతుంది. మన వ్యాయామశాలల్లో తాతల నాటి దండీలు బస్కీలు ఇదే పని కదా. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా, బరువులు ఎత్తితే మగవాళ్ళలా అయిపోతాం అనే భయం అక్కర్లేదు, ఆ హార్మోన్లు మీకు అంత లేవు. నెలసరి ఆగిపోయాక ఎముకలు గబగబా పలచబడతాయి, వాటిని నిలబెట్టేవాటిలో బరువుల పని ముఖ్యమైనది.

జిమ్‌లో కుప్పకూలిన వీడియోలు చూసి చాలామంది భయపడుతున్నారు, ఆ భయం పూర్తిగా తప్పని అనను. గుండె రక్తనాళాల్లో తెలియని బ్లాక్ ఉన్నవాడు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కసారిగా ఒళ్ళు విరిగేలా చేస్తే ఆ కాసేపు రిస్కు నిజంగానే పెరుగుతుంది. అదే రోజూ చేసే అలవాటున్నవాడికి ఆ పెరుగుదల చాలా తక్కువ, మొత్తంగా చూస్తే వాడికే గుండెపోట్లు తక్కువ. కాబట్టి నలభై దాటి, సిగరెట్టో షుగరో బీపీయో ఉండి, లేదా ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళుంటే ముందు డాక్టర్‌కి చూపించుకుని, ఆర్నెల్లు మెల్లగా పెంచుకుంటూ పోండి. జ్వరం ఉన్నప్పుడు, రాత్రి నిద్ర లేనప్పుడు హీరోయిజం వద్దు.

షటిల్

పుల్లెల గోపీచంద్, సైనా, సింధు పుణ్యమా అని హైదరాబాద్‌లో సందుకో కోర్టు వచ్చింది, సాయంత్రం ఆరు దాటితే స్లాటు దొరకదు. ఆట పరంగా చూస్తే ఇది చాలా గొప్పది, గుండె పరిగెడుతుంది, దిక్కు మార్చి మార్చి కదలడం వల్ల బ్యాలెన్స్ వస్తుంది, బుర్ర కూడా పనిచేస్తుంది, నలుగురు ఫ్రెండ్స్ ఉంటారు, కోర్టు అద్దె పంచుకుంటే జిమ్ కన్నా పెద్ద ఖర్చేం కాదు. పైన చెప్పిన 6.2 ఏళ్ళలో సగం తీసేసినా ఇది మంచి బేరమే.

కానీ కోర్టులో జరిగేది చూడండి. నలభై రెండేళ్ళ సాఫ్ట్‌వేర్ మనిషి, పొద్దున్నుంచి కుర్చీలో కూర్చుని, గంటసేపు ట్రాఫిక్‌లో కూర్చుని, స్లాటు టైమ్ అయిపోతోందని కార్లోంచి దిగి లేసులు కట్టుకుని నేరుగా స్మాష్. రెండో గేమ్‌లో నెట్ దగ్గర డ్రాప్ పడింది, ముందుకి ఉరికాడు, వెనక నుంచి ఎవరో పిక్క మీద రాకెట్‌తో కొట్టినట్టనిపించి తిరిగి చూస్తే ఎవరూ లేరు. మడమ పైన ఉండే నరంలాంటి తాడు తెగితే సరిగ్గా అలాగే అనిపిస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి కట్టు, ఫిజియో, ఆ తర్వాత ఇక రాకెట్ ముట్టుకోడు. ముప్పై అయిదు దాటినవాళ్ళు షటిల్‌ని ఫిట్ అవ్వడానికి ఆడకూడదు, ఫిట్ అయ్యి షటిల్ ఆడాలి. పది నిమిషాలు కాళ్ళు వేడెక్కించి, వారంలో రెండు రోజులు పిక్కల బలానికి మెట్టు అంచు మీద మడమలు ఎత్తి దించడం చేసి, నాన్ మార్కింగ్ షూస్ వేసుకుని వెళ్ళండి. రన్నింగ్ షూస్‌తో కోర్టులోకి దిగితే చీలమండ మడత పడేది ఖాయం.

రన్నింగ్, సైకిల్, ఈత

ఇవి క్లుప్తంగా. రన్నింగ్‌కి ఉన్న పెద్ద సుగుణం టైమ్ ఆదా. 2014లో 55 వేల మందితో వచ్చిన అమెరికా లెక్కలో రోజుకి 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తినవాళ్ళకి కూడా లాభం కనపడింది, మొత్తం మీద రన్నర్లకి మరణాలు 30 శాతం తక్కువ. మోకాళ్ళు అరిగిపోతాయి అనే మాట అందరూ అంటారు గానీ 2017లో స్టడీలన్నీ కలిపి చూస్తే సరదాకి పరిగెత్తేవాళ్ళలో మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి, ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాళ్ళలో 10.2 శాతం మందికి, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం మందికి ఉంది. అంటే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంది కదా అని జూన్‌లో మొదలుపెట్టి 42 కిలోమీటర్లకి పేరు ఇవ్వనంతవరకూ భయం లేదు. బరువు బాగా ఎక్కువుంటే మాత్రం ముందు నడక, తర్వాతే పరుగు.

సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి మరణాల రిస్కు 41 శాతం తక్కువ అని 2017లో బ్రిటన్ లెక్క. అక్కడ చేసేవాళ్ళు చేస్తారు, మన రోడ్ల మీద ఆటోకీ బస్సుకీ మధ్య సైకిల్ తొక్కమని నేనైతే ఎవరికీ చెప్పను. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది, దగ్గర్లో ఉంటే అదృష్టం, లేకపోతే పల్లెటూరి కాలవ గట్లు. ఈత మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకి, లావుగా ఉన్నవాళ్ళకి చక్కటిది, కాకపోతే నీళ్ళలో ఒంటి బరువు ఎముకల మీద పడదు కాబట్టి ఎముకలకి పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా మన ఊళ్ళలో శుభ్రమైన పూల్ దొరకడమే కష్టం.

యోగా, ఇంటి పని

యోగా వల్ల ఒళ్ళు సాగుతుంది, బ్యాలెన్స్ వస్తుంది, బీపీ కొంచెం తగ్గుతుంది, నిద్ర బాగుంటుంది. నడక, పరుగుల మీద ఉన్నట్టు లక్షల మందిని పాతికేళ్ళు చూసిన ఆయుష్షు లెక్కలు దీనికి అంతగా లేవు, అంతమాత్రాన పనికిరాదని కాదు. మెల్లగా చేసే ఆసనాలు, ప్రాణాయామం అయితే అది మీ వాకింగ్ కోటా కింద లెక్కేసుకోవద్దు. సూర్యనమస్కారాలు ఆపకుండా, ఊపిరి ఎగపోసేలా చేస్తే అప్పుడు లెక్కే. బ్యాలెన్స్ సంగతి మాత్రం చిన్నది కాదు, 51 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడలేనివాళ్ళకి తర్వాతి ఏళ్ళలో మరణాల రిస్కు 84 శాతం ఎక్కువ అని 2022లో తేలింది. వృక్షాసనం వేసేవాళ్ళకి అది అసలు పరీక్షే కాదు.

ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా చాకిరీ చేస్తున్నాం ఇంకా ఎక్సర్‌సైజా అని ఆడవాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్న. 2017లో మన దేశం కూడా ఉన్న 17 దేశాల స్టడీలో ఇంటిపని, నడిచి వెళ్ళడం, ఒళ్ళు కదిలే ఉద్యోగం, ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి, లాభం కనపడింది. కాబట్టి వంగి తుడిచేది, బిందెలు మోసేది, మెట్లెక్కేది అన్నీ లెక్కే. స్టవ్ దగ్గర రెండు గంటలు నిలబడటం మాత్రం కాదు, అది అలసటే తప్ప ఎక్సర్‌సైజ్ కాదు. ఇక్కడ నిజమైన సలహా ఆడవాళ్ళకి కాదు మగవాళ్ళకి, సాయంత్రం ఒక అరగంట వంటింటి పని మీరు అందుకుంటే ఆవిడ నడవడానికి వెళ్తుంది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

టైమే లేదు అనే ముప్పైల్లోని ఉద్యోగస్తులు: లిఫ్ట్ మానేసి మెట్లు గబగబా ఎక్కండి, బస్సుకి లగెత్తండి. ఎక్సర్‌సైజ్ చెయ్యని మనుషుల చేతులకి మీటర్లు కట్టి 2022లో చూస్తే రోజుకి మూడుసార్లు ఒకటి రెండు నిమిషాలు ఊపిరి ఎగపోసేలా కదిలినవాళ్ళకి మరణాలు 38 నుంచి 40 శాతం తక్కువ ఉన్నాయి. దానికి వారాంతంలో షటిల్, మధ్యలో రెండుసార్లు పావుగంట గుంజీళ్ళు పుషప్పులు. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఉండనే ఉన్నాయి, మీకు జిమ్ దేనికి.

నలభై దాటి షుగరో పొట్టో మొదలైనవాళ్ళకి భోజనాల తర్వాత నడక, వారానికి రెండు రోజులు బరువులు. ఇందులో ఏదో ఒకటి వదలాలి అంటే నడక వేళలు అటూ ఇటూ జరుపుకోండి, బరువులు మాత్రం మానొద్దు, ఎందుకంటే నడక ఎలాగూ ఏదో రకంగా జరుగుతుంది, బరువులు అనుకుని చేస్తేనే జరుగుతాయి. ఇన్సులిన్, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళు షుగర్ మరీ పడిపోతే తినడానికి జేబులో గ్లూకోజ్ బిళ్ళలో చక్కెరో పెట్టుకోండి, పాదాలు తిమ్మిరి ఉంటే చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిచే ప్రయోగాలు వద్దు.

అమెరికాలోనో యూకేలోనో చలి దేశాల్లో ఉండి నవంబర్ నుంచి మార్చి దాకా బయట అడుగు పెట్టలేని మనవాళ్ళు నడక మీదే ఆధారపడితే ఏటా అయిదు నెలలు సున్నా. వాళ్ళకి జిమ్ మెంబర్‌షిప్ డబ్బులు వృథా కాదు, ట్రెడ్‌మిల్, బరువులు ఒకేచోట అయిపోతాయి.

అరవై అయిదు దాటిన అమ్మానాన్నలకి: పొద్దున్నా సాయంత్రం కాసేపు నడక, వారానికి మూడు రోజులు బ్యాలెన్స్, రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ కాకుండా గోడకి ఆనించిన గట్టి చెక్క కుర్చీ వాడండి. మొదట్లో రెండుసార్లే లేవగలిగితే రెండుసార్లే, కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచితే తేలికవుతుంది, అలవాటయ్యాక దిండు తీసేయొచ్చు. ఒంటికాలి మీద నిలబడేది వంటింటి గట్టు పట్టుకుని చేయించండి, బాత్రూమ్ దగ్గర తడి నేల మీద కాదు. ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా వెంటనే ఆపి మీకు చెప్పమనండి, చెప్పిన వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళని వేరే ఊళ్ళో ఉంచి మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే 108కి ఫోన్ చేసి పెట్టే పక్కింటివాళ్ళ నంబర్ మీ దగ్గర, మీ నంబర్ వాళ్ళ దగ్గర ముందే ఉండాలి.